కేసరి పప్పు: జబ్బు గింజలో ఉందా, కూలిలో ఉందా?

"పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావు?" అని తెలుగులో అడిగితే పెళ్లెప్పుడు అని అర్థం. పప్పు మన భాషలో శుభకార్యం. ఆ మాట పుట్టిన పంక్తి భోజనంలో మన తాతలు ఎక్కడ కూర్చున్నారో, అసలు కూర్చున్నారో లేదో, ఈ వ్యాసాలు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ వారం ఇంకో పప్పు గురించి మాట్లాడుకుందాం. మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో తరాల తరబడి వెట్టి కూలీలకు కూలి కింద కొలిచి పోసిన పప్పు. తిన్నవాళ్ల కాళ్లు తీసేసిన పప్పు. దాని పేరు కేసరి.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు రీసెర్చ్ స్కాలర్లు ఒకే ప్రశ్న వేశారు. సాహిత్యంలో కులం ఉందంటే ఒప్పుకుంటాం, చరిత్రలో ఉందంటే సరే, మరి మెదడు మీద, నరాల క్షీణత జబ్బుల మీద చేసే పరిశోధనలో కులం ఎక్కడ దొరుకుతుంది? అక్కడ ఉండేవి కణాలూ రసాయనాలే కదా? మంచి ప్రశ్న. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని, బయోకెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. ఆ పేపర్లను వాక్యాలుగా చదివాను.

ముందు జబ్బు సంగతి. పేరు లాథిరిజం. నిన్నటిదాకా నాగలి పట్టిన కుర్రవాడికి ఒక రోజు పిక్కలు బిగుసుకుపోతాయి. మడమ నేలకు ఆనదు, మునివేళ్ల మీద నడుస్తాడు. తొడలు దగ్గరికి లాగేసి, నడిస్తే మోకాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. డాక్టర్లు దీన్ని దశలుగా విభజించిన తీరు చూడండి: కర్ర లేకుండా నడిచే దశ, ఒక కర్ర దశ, రెండు కర్రల దశ, చివరగా పాకే దశ. వైద్య పరిభాషలో ఇంత సూటిగా ఉండే మాటలు నాకు తక్కువగా కనిపించాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి జబ్బులు ఏటేటా ముదురుతాయి. ఇది అలా కాదు. వచ్చినంత వచ్చి ఆగిపోతుంది, కానీ వెనక్కి పోదు. తెలివి చెక్కుచెదరదు. ఇరవై ఏళ్లకు కాళ్లు పోయిన మనిషి, అంతా తెలుస్తూనే, మరో నలభై ఏళ్లు పాకుతూ బతుకుతాడు. ఎక్కువగా పడేది కష్టం చేసే వయసులో ఉన్న మగవాళ్లు.

గింజలో ఒడాప్ అనే అమైనో ఆమ్లం ఉంది. మెదడులో ఒక నరకణం ఇంకో కణానికి కబురు పంపడానికి గ్లుటామేట్ అనే పదార్థాన్ని వాడుకుంటుంది. ఒడాప్ ఆ గ్లుటామేట్ వేషం వేసుకుని వస్తుంది. కణం ఆ కబురు నిజమే అనుకుని ఆపకుండా ఉద్రేకపడి చివరికి చచ్చిపోతుంది. నడుము కింది కండరాలకు ఆజ్ఞలు మోసే పొడుగాటి నరాల మీద దెబ్బ ముందు పడుతుంది.

అయితే ఒక పూటో రెండు పూటలో ఈ పప్పు తింటే ఎవరికీ ఏమీ కాదు. రోజు తిండిలో మూడో వంతో అంతకంటే ఎక్కువో ఇదే అయి, అలా రెండు మూడు నెలలు వరసగా సాగితే ప్రమాదం మొదలౌతుంది. అంటే ఈ జబ్బు రావాలంటే కంచంలో ఇంకేమీ ఉండకూడదు. ఇక్కడ నుంచి మిగతాదంతా ఈ వాక్యం దగ్గరపెట్టుకుని చదవండి.

*

ఈ మొక్కది మొండి ప్రాణం. మన కృష్ణా గోదావరి డెల్టాల్లో వరి కోతకు ముందే చేలో మినుములు చల్లినట్టు, అక్కడ కేసరి చల్లుతారు. మిగిలిన తేమతోనే మొలుస్తుంది. వానలు లేకపోయినా, నీళ్లు నిలిచినా, మిగతా పైర్లన్నీ పోయినా అది మాత్రం పండుతుంది. అందుకే ఏ దేశంలో చూసినా కేసరి చరిత్ర అంటే కరువు చరిత్రే. జర్మనీలోని వ్యుర్టెంబర్గ్ పాలకుడు 1671లోనే రొట్టెల్లో ఈ పిండి కలపొద్దని ఆజ్ఞ జారీచేశాడు. 1811, 1812లో మాడ్రిడ్ కరువును గీసిన గోయా ఒక చిత్రానికి ఈ గింజ పేరే పెట్టాడు. అందులో నేల మీద పడివున్న మనిషి కాళ్లు చూడండి, ఎక్కడైనా దొరుకుతుంది.

మన దేశపు రికార్డు స్లీమన్‌తో మొదలౌతుంది. థగ్గుల్ని పట్టుకున్నవాడిగా పాఠాల్లో చదువుకున్న స్లీమనే. 1844లో అచ్చయిన తన పుస్తకంలో సాగర్ ప్రాంతపు ఊళ్ల గురించి రాశాడు. 1829లో వడగళ్లు గోధుమను కొట్టేశాయి, మరుసటి ఏడు వానలు లేవు, 1831లో తెగులు వచ్చింది. పాడైపోయిన గోధుమ చేలల్లో కేసరి మాత్రం ఏపుగా పెరిగింది, జనం దాన్నే తిన్నారు. 1833 నుంచి యువతీయువకుల కాళ్లు పడిపోవడం మొదలైంది. ఆయన చూసిన ఊళ్లో కుర్రకారులో దాదాపు సగం మంది పడ్డారని రాశాడు. ఒక కంపెనీ అధికారికి గింజకూ కాళ్లకూ ఉన్న సంబంధం 1844 నాటికే తెలుసు. ఊళ్లో జనానికి అంతకు ముందే తెలుసు, ఆయనకు చెప్పింది వాళ్లే కదా.

1873లో నేపుల్స్‌లో కంటాని అనే వైద్యుడు జబ్బుకు పేరు పెట్టాడు. ఆ తరవాత ఇంచుమించు తొంభై ఏళ్లు పరిశోధకులు గింజలోని విషం కోసం వెతికారు. 1925లో ముగ్గురు శాస్త్రవేత్తలు, తప్పు కేసరిది కాదు, దాంతో కలిసి పెరిగే కలుపు మొక్క గింజలదని తేల్చారు. అది పొరపాటు అని తేలడానికి మళ్లీ కొన్ని దశాబ్దాలు పట్టింది. 1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఒడాప్‌ను విడదీసి చూపించారు. అదే ఏడు ఢిల్లీ నుంచి టి.ఆర్. శేషాద్రి బృందమూ ఆ పని చేసింది. శేషాద్రి అంతకు ముందు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడు. రావు తరవాత ఉస్మానియాకు వచ్చాడు. హైదరాబాద్ తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే చోట గోపాలన్, నాగరాజన్, మోహన్, రాయ్ అదే గింజ మీద పనిచేశారు. కేసరి కథలో మన ఊరి చిరునామాలు ఇన్ని ఉన్నాయని నాకు ఇది చదివేదాకా తెలియదు.

*

ఇప్పుడు రేవా. ఒకప్పటి సంస్థానం, 1948 తరవాత వింధ్యప్రదేశ్ రాజధాని. భూములు బ్రాహ్మణ, ఠాకూర్ ఇళ్లవి. నాగలి పట్టింది కోల్ ఆదివాసులూ, చమార్ తదితర దళిత కులాలవాళ్లూ. పెళ్లికో చావుకో తెచ్చిన అప్పు కింద మనిషి ఆ ఇంటికి కట్టుబడిపోతాడు. మన దగ్గర జీతగాడు, పాలేరు అంటామే, అదే బతుకు. కూలి డబ్బుల్లో కాదు, గింజల్లో. ఏ గింజల్లో? గోధుమ, బియ్యం ధర పలికే సరుకులు, అవి బజారుకు పోతాయి. చవగ్గా, ఖర్చు లేకుండా పండేది కేసరి. అది కూలికి.

మన ఊళ్లలో తీసుకునేటప్పుడు ఒక కుంచం, ఇచ్చేటప్పుడు ఇంకో కుంచం అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. కళ్లంలో తాలు గింజలు ఎవరి కొంగులోకి పోయాయో మనకు తెలుసు. రేవాలో తేడా ఒక్కటే, అక్కడ కొంగులో పడింది తాలు కాదు, పక్షవాతం.

ద్వివేది, ప్రసాద్ అనే ఇద్దరు వైద్యులు రేవా జిల్లాలో ఊరూరా తిరిగి చేసిన సర్వే 1964లోనే వచ్చింది. బెంగుళూరులో అణువు దొరికిన ఏడాదే. ఈ రెండింటిలో ఏది ప్రపంచమంతా ఉటంకించబడిందో ఊహించుకోండి.

నేను ఆ తరవాతి పేపర్లు చదువుతుంటే ఒక వాక్యం మళ్లీ మళ్లీ ఎదురైంది. "కూలీలకు కేసరి పప్పు కూలిగా ఇవ్వబడేది." మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి, నిర్మాణం మారదు. క్లాసులో కర్మణి వాక్యం చెప్పేటప్పుడు మేం అడిగే మొదటి ప్రశ్న: కర్త ఎక్కడ? ఇవ్వబడేది సరే, ఇచ్చిందెవరు? తెలుగులో మనం సహజంగా ఇలా మాట్లాడం, "పటేలు కొలిచాడు" అంటాం. సైన్సు పేపర్లో పటేలు ఉండడు. పరిచయంలో ఒక పేరా "సామాజిక ఆర్థిక పరిస్థితులు" అని వస్తుంది, రెండో పేజీ నుంచి అణువు కర్త అవుతుంది. అణువు నరకణాన్ని చంపుతుంది, అణువు కాళ్లను పడేస్తుంది. వాక్యం ఇప్పుడు కర్తరి ప్రయోగంలోకి మారిపోయింది. నేరస్థుడు దొరికాడు. ఆ నేరస్థుడికి భూమి లేదు, కులం లేదు.

ఆ శాస్త్రవేత్తలు కావాలని దాచారని నేను అనడంలేదు. ఒడాప్ నిజం, అది చేసే పని నిజం. కానీ ఒక పరిశోధకుడికి పేపరు, ప్రమోషను, విదేశీ ఫెలోషిప్పు తెచ్చేది అణువు. భూస్వామి పేరు రాసిన పేపరు ఏ బయోకెమిస్ట్రీ జర్నల్లోనూ అచ్చుకాదు. జబ్బును రెండుగా కోసి, ఒక ముక్కకు ప్రయోగశాల, రెండో ముక్కకు ఒక పేరా ఇచ్చారు. నన్ను అడిగిన స్కాలర్లు వెతుకుతున్న కులం ఆ పేరాలో ఉంది.

*

చట్టం కూడా అదే వ్యాకరణం నేర్చుకుంది. ఆహార కల్తీ నిరోధక నియమాల్లో 1961లో కేసరి మీద నిషేధం వచ్చింది. ఆ నియమం మాట్లాడేది అమ్మకం గురించి. అమ్మకూడదు, అమ్మకానికి పెట్టకూడదు, అమ్మడానికి దగ్గర ఉంచుకోకూడదు. అమల్లోకి వచ్చే తేదీ మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటించుకోవాలి. పండించకూడదని లేదు. కూలి అన్న మాట అందులో లేనే లేదు. బజార్లో కొనుక్కునేవాడి కాళ్లకు రక్షణ, కళ్లంలో కొంగు పట్టేవాడి కాళ్లకు లేదు. సరే, కూలి సంగతి చూసుకోవడానికి వేరే చట్టం ఉంది కదా అంటారేమో. 1948 నాటి కనీస వేతనాల చట్టం కూలి డబ్బుల్లోనే ఇవ్వాలంది. వెంటనే, గింజల్లో ఇచ్చే ఆచారం ఉన్నచోట ప్రభుత్వం దాన్ని అనుమతించవచ్చని కూడా అంది. ఆచారం! ఈ దేశంలో ఆ మాట ఎవరి పక్షాన ఉంటుందో వేరే చెప్పాలా? వెట్టిని రద్దుచేసే చట్టం 1976లో వచ్చింది.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు 1960ల్లో ఇంకో దారి వెతికారు. పప్పును వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే, లేదా గింజను ఉప్పుడు బియ్యంలా ఉడకబెట్టి ఆరబెడితే విషం చాలా వరకు పోతుందని చూపించారు. మంచి మనసుతో చేసిన పనే, ఖర్చు కూడా తక్కువే. కానీ వేడినీళ్లకు కట్టెలు కావాలి. పారబోయడానికి రెండో బిందె కావాలి. ఏ బావి నుంచి? రోజంతా కోతకు పోయివచ్చిన కోల్ ఆడమనిషి ఆ రెండో బిందె ఎవరిని అడిగి తోడుకోవాలి? పద్ధతి తప్పు కాదు, దాన్ని వండే వంటిల్లు ఎవరిదో ఊహించుకోవడంలో ఉంది తేడా.

1927 మార్చిలో బాబాసాహెబ్ మహాడ్‌లో చెరువు నీళ్లు తాగడం మనం ఏటా గుర్తుచేసుకుంటాం. ఆ సభలోనే ఆయన, చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఊళ్లో పోసే ఎంగిలి మెతుకులు మానండి అని కూడా చెప్పారు. కొందరు దాన్ని ఇప్పటికీ శుభ్రతా పాఠంగా చదువుతారు. నాకు అది కూలి గురించిన మాట. తిండి రూపంలో ఇచ్చే జీతం మనిషిని ఇచ్చేవాడి దయ మీద ఉంచుతుందన్న సంగతి ఆయన చూసినంత స్పష్టంగా రేవా వెళ్లిన వైద్య బృందాలు చూడలేదు.

*

ఇదే గింజ మీద ఇంకో రకం పరిశోధకుడు కూడా ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్రెయిన్‌లోని వాప్నియార్కా దగ్గర రుమేనియా సైన్యం నడిపిన నిర్బంధ శిబిరం. 1942 సెప్టెంబరులో వెయ్యికి పైగా యూదుల్ని తెచ్చి అక్కడ పడేశారు. వాళ్లకు రోజూ పెట్టింది పశువుల దాణాగా వాడే ఈ గింజే. చలికాలం వచ్చేసరికి వందల మంది కాళ్లు బిగుసుకుపోయాయి. ఖైదీల్లో ఆర్థర్ కెస్లర్ అనే డాక్టరు ఉన్నాడు. జబ్బేమిటో గుర్తుపట్టింది ఆయనే. ఖైదీలు ఆ తిండి ముట్టం అని మొండికేశారు, చివరికి తిండి మార్చక తప్పలేదు. యుద్ధం తరవాత ఇజ్రాయెల్‌లో స్థిరపడి, కెస్లర్ తనతోపాటు ఆ గింజ తిన్నవాళ్లకే దశాబ్దాల పాటు వైద్యం చేశాడు. ఆయన రాసినదాంట్లో గింజ ఎవరు పెట్టారన్న ప్రశ్నకు జవాబు దాచాల్సిన అవసరమే రాలేదు. అదే కంచంలో తిన్నవాడు రాస్తే కర్త వాక్యంలోంచి అంత తేలిగ్గా జారిపోడు.

మామూలు దారి వేరేగా ఉంటుంది. పాపువా న్యూగినీ కొండల్లో ఫోరే అనే జనానికి కురు అనే జబ్బు వచ్చేది. కురు అంటే వాళ్ల భాషలో వణుకు. 1957లో అక్కడికి వెళ్లిన గజ్దుసెక్ అనే అమెరికన్ చనిపోయినవాళ్ల మెదళ్లు సేకరించి పంపాడు. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. నమూనాలు మోసి, కొండలెక్కి, ఇళ్లవాళ్లను ఒప్పించిన ఫోరే కుర్రవాళ్లను 'డాక్టర్ బాయ్స్' అన్నారు. జబ్బు ఆడవాళ్లకూ పిల్లలకే ఎందుకు ఎక్కువగా వస్తోందో, చనిపోయినవాళ్ల శరీరాల్ని ఎవరు తినేవారో ఫోరే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి విప్పింది షిర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే మానవశాస్త్రవేత్తలు. ఆ బహుమతి వాళ్ల దాకా రాలేదు.

కేసరి కూడా ఖండాలు దాటింది. పీటర్ స్పెన్సర్ అనే నరాల శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగం చేసి, ఒడాప్ పాత్ర గురించి 1986లో లాన్సెట్‌లో రాశాడు. ఆ పేపరు రచయితల్లో హైదరాబాద్‌లో కోడిపిల్లల మీద కేసరి ప్రయోగాలు చేసిన డి.ఎన్. రాయ్ ఉన్నాడు, రేవా తిరిగిన ద్వివేదీ ఉన్నాడు. మరుసటి ఏడాది స్పెన్సర్ బృందం అదే ఆలోచనను గువామ్ ద్వీపానికి తీసుకెళ్లింది. అక్కడి చమోరో జనంలో కాళ్లూ చేతులూ చచ్చుబడటం, వణుకు, మతిమరుపు కలిసి వచ్చే జబ్బు ఉండేది. ఒడాప్‌కు దగ్గరి చుట్టంలాంటి విషం వాళ్లు పిండికి వాడే సైకాడ్ గింజల్లో ఉంది కాబట్టి అదే కారణం కావచ్చన్నారు. ఆ వాదం మీద ఇప్పటికీ తగువులే. రేవా కూలీ కాళ్లలోంచి మొదలైన ఒక ప్రశ్న ప్రపంచంలో మతిమరుపు జబ్బులన్నిటికీ తాళంచెవి అవుతుందేమో అన్న ఆశ కొన్నాళ్లు బాగా సాగింది. నేను చూసినంతలో ఈ పేపర్ల రచయితల వరసలో కోల్ ఇంటి పేరు ఒక్కటీ తగల్లేదు.

ఇథియోపియా కాస్త నయం. అక్కడ ఆడిస్ అబాబా విశ్వవిద్యాలయంలో రెడ్డా టెక్లె హైమనోట్ అనే నరాల వైద్యుడు సొంత దేశపు పల్లెల్లో ఈ జబ్బును లెక్కపెట్టే పని ఏళ్ల తరబడి చేశాడు. 1990ల మధ్యలో ఉత్తరాన దెలాంటా దావుంట్ అనే చోట కరువు వచ్చింది, దాదాపు రెండు వేల మంది పడిపోయారు. హైలేయెసుస్ గెటాహున్ ఆ సంగతిని 1999లో ప్రపంచానికి చెప్పాడు. అక్కడా విత్తనం పాతదే, కొత్తగా వచ్చింది కరువు.

*

చివరగా ఒక విషయం, అందరికంటే ముందు ఎకనామిక్స్ విద్యార్థులు పట్టుకోవాల్సింది. విషం తక్కువుండే కేసరి రకాల కోసం దశాబ్దాలుగా కృషి జరిగింది. రతన్, ప్రతీక్, మహాతివడా అనే మూడు రకాలకు భారత వైద్య పరిశోధన మండలి సానుకూలంగా ఉందన్న వార్త 2016లో వచ్చింది. అప్పుడు టీవీల్లో పెద్ద గొడవైంది. కానీ అంతకు చాలా ముందే రేవాలో కొత్తగా కాళ్లు పడిపోయేవాళ్లు తగ్గిపోయారు. మధ్య, తూర్పు భారతంలో జనం పాత గింజే తింటూ ఉండగానే జబ్బు అరుదైపోయింది. చేలకు నీళ్లొచ్చాయి, గోధుమ కంచంలోకి వచ్చింది, రేషను బియ్యం వచ్చింది, కూలి మెల్లగా డబ్బులోకి మారింది. గింజ మారలేదు, కంచం మారింది. ఒడాప్‌ను కనుక్కున్న ఎస్.ఎల్.ఎన్. రావే తరవాతి రోజుల్లో, మితంగా తింటే ఈ పప్పుతో భయం లేదని, దానికి పడిన చెడ్డపేరు అతి అని రాశాడు. విషాన్ని పట్టిచ్చిన మనిషే ఆ మాట అన్నాడంటే, మిగిలిన ముద్దాయి ఎవరో వెతకాలి కదా.

రేవా, సత్నా వైపు కూలి లెక్కల చిట్టాలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి. ఏ నెలలో ఎవరికి ఎన్ని కుంచాల ఏ గింజ కొలిచారో రాసిపెట్టుకోని భూస్వామి ఉండడు, అప్పు లెక్క తేలాలి గదా. ఆ చిట్టాలనూ, పాత వైద్య సర్వేల్లోని ఊళ్ల పేర్లనూ పక్కపక్కన పెట్టి చదివిన థీసిస్ ఏదీ నా కంట పడలేదు. హిందీ వచ్చిన హిస్టరీ స్కాలర్లు ఎవరైనా ఉంటే రాయండి. నా దగ్గరున్న పేపర్లన్నీ పంపిస్తాను. రెండు కర్రల మీద, నేల మీద పాకుతూ బతికిన ఆ తరం ఇప్పుడు ముసలితరం. వాళ్లతో మాట్లాడాలంటే ఎక్కువ ఏళ్లు లేవు.

(వచ్చే వారం: నల్లగొండ నీళ్లు)